ఉద్యోగం, ఇల్లు, ప్రయాణం: బలం పెంచే వ్యాయామానికి వేళ ఎప్పుడు?

ప్రశ్న

నమస్కారం. నాకు 43 ఏళ్లు, ఉపాధ్యాయురాలిని. జనగామ నుంచి రోజూ బస్సులో బడికి వెళ్లి వస్తాను. ఉదయం ఐదున్నరకు లేస్తే వంట, పిల్లల క్యారేజీలు, ఏడున్నరకు బస్సు. ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. ఆ తర్వాత మళ్లీ వంట, చిన్నవాడి హోంవర్కు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని వెళ్తే డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, అరుగుదల లేదు, తొడ కండరాలు బలహీనపడ్డాయి, బలం పెంచే వ్యాయామం చేయమన్నారు. జిమ్ దూరం. రోజూ గంట తీయడం నా వల్ల కాదు. ఏదైనా దారి చెప్పగలరా?

జవాబు

టీచరు గారూ, ముందు ‘రోజూ’, ‘గంట’ అనే రెండు మాటలూ పక్కన పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో కూడా పెద్దవాళ్లను ఈ వ్యాయామం వారంలో రెండు రోజులు లేదా అంతకు మించి చేయమన్నారు, రోజూ చేయమనలేదు. మీకు ఆదివారం ఉదయం, బుధవారం సాయంత్రం సరిపోతాయి. ఒక్కోసారి 25 నిమిషాలు చాలు. మధ్యలో కండరాలు కోలుకోవడానికి వ్యవధి ఉంటుంది.

బుధవారం ఇల్లు చేరగానే బట్టలు మార్చుకుని మొదలుపెట్టేయండి. టీ తాగుతూ కూర్చుంటే మళ్లీ లేవడం కష్టం. ఆ కాసేపు చిన్నవాడి హోంవర్కు వాళ్ల నాన్నగారిని చూడమనండి. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. ఇంట్లో ఎవరూ పని పంచుకోకపోతే ఎంత మంచి ప్రణాళికైనా రెండు వారాల్లో మూలపడుతుంది.

నాలుగు వ్యాయామాలు చాలు. మొదటిది, చేతులు తొడలకు ఆనించకుండా కుర్చీలోంచి లేచి మళ్లీ మెల్లగా కూర్చోవడం. తాలింఖానాల్లో తీసే బస్కీలకు ఇది తొలి మెట్టు. రెండోది, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు. మూడోదానికి పిల్లల పాత స్కూలు బ్యాగులో ఐదు కిలోల బియ్యం సంచి పెట్టండి. ఎడమ చెయ్యి మంచానికి ఆనించి ముందుకు వంగి, వీపు గూనిగా కాకుండా చూసుకుంటూ, కుడి చేత్తో ఆ బ్యాగును నడుము పక్కకు లాగాలి. తర్వాత చెయ్యి మార్చాలి. నాలుగోది, మూత గట్టిగా ఉన్న నీళ్ల క్యానును నేల మీద నుంచి ఎత్తి, నిటారుగా నిలబడి, మళ్లీ దించడం. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి తూకం అక్కర్లేదు. ఐదు లీటర్లతో మొదలుపెట్టండి.

సమయం కలిసివచ్చే కిటుకు ఒకటుంది. కుర్చీ వ్యాయామం ఒక సెట్ అయ్యాక ఊరికే నిలబడకుండా గోడ పుషప్‌లు చేయండి, ఆలోగా కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. బ్యాగునూ క్యానునూ మాత్రం ఒకదాని వెంట ఒకటి చేయకండి, రెండూ నడుము మీదే భారం వేస్తాయి. ఒక్కోటి రెండు సెట్లు, సెట్‌కు ఎనిమిది సార్లు.

పన్నెండు సార్లు సులువుగా చేయగలిగిన వారం క్యానులో ఒక లీటరు పెంచండి. చాలామంది ఈ పని చేయరు. అదే రెండు కిలోల డంబెల్‌ను ఏడాది పొడవునా ఎత్తుతూ, ఫలితం లేదని మానేస్తారు. అలవాటైపోయిన బరువుతో బలం పెరగదు. సెట్ ముగిసేసరికి ‘ఇంకో రెండు మూడు సార్లకు మించి చేయలేను’ అనిపించాలి.

ప్రశ్నించినవారు

చాలా ధన్యవాదాలండి. మా వారిని అడుగుతాను. పదో తరగతి మూల్యాంకనం రోజుల్లో మాత్రం బుధవారం కూడా కుదరదు. అప్పుడు మొత్తం మానేస్తే చేసినదంతా పోతుందా?

జవాబు

పోదండి. బలం పెంచుకోవడానికి పట్టేంత శ్రమ దాన్ని నిలుపుకోవడానికి అవసరం లేదు. అలాంటి వారాల్లో ఆదివారం ఒక్కరోజే, ఒక్కో సెట్ చేయండి. పది నిమిషాల్లో అయిపోతుంది. బరువు మాత్రం తగ్గించకండి.

మరొకరు

నేను ఫిజియోథెరపిస్టును. పైన చెప్పింది సరిగ్గానే ఉంది, కొన్ని జాగ్రత్తలు చేరుస్తాను. కుర్చీ ఎత్తు తక్కువైతే మోకాలిపై భారం ఎక్కువ పడుతుంది. మొదట్లో సీటు మీద మందపాటి దిండు వేసి ఎత్తు పెంచుకోండి. లేచేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా కాలి వేళ్ల దిశలోనే ఉండాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకండి, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తుతూ గాలి వదలాలి. మీకు ఇప్పటికే బీపీ ఉంటే క్యాను ఎత్తే ముందు డాక్టరు గారిని అడగండి.

మరో మాట, తిండి. భారత వైద్య పరిశోధన మండలి చెప్పిన లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి ఇది దాదాపు 50 గ్రాములు. గుడ్డులో సుమారు ఆరు గ్రాములుంటుంది. అన్నం కాస్త తగ్గించి పప్పు, పెరుగు, పెసరట్టు పెంచుకోవచ్చు.

మొదటి రెండు మూడు రోజులు తొడలు పట్టేసినట్టు ఉండడం మామూలే, భయపడి మానేయకండి. మోకాలి కీలులోనే పోటు వచ్చినా, వాచినా ఆపి, చూపించుకోండి.