చర్చ: తిరణాల స్టేజీ మీద ఎస్వీఆర్, రమణారెడ్డి గొంతులు ఇంకెన్నాళ్ళు?

పెన్నాగట్టు:
జొన్నవాడ తిరణాలైనా పెంచలకోన తిరణాలైనా, ఆర్కెస్ట్రా మధ్యలో మిమిక్రీ అంటే ఒకటే వరస. పాత సినిమాల ఎస్వీ రంగారావు (ఎస్వీఆర్) గర్జన, కమెడియన్ రమణారెడ్డి నవ్వు, అక్కినేని తాగిన మాట, చివర్లో ఆవిరి రైలు. ఎస్వీఆర్, రమణారెడ్డి ఇద్దరూ 1974లోనే పోయారు. ముందు కూర్చునే పిల్లకాయలకు వాళ్ళెవరో తెలీదు. ఇవి ఆపేయాలంటాను. మీరేమంటారు?

ఒంగోలు మైక్‌సెట్:
గొంతుల తప్పు కాదబ్బయ్యా, ముందు సౌండ్ మిక్సర్ చూడండి. పాటకు పెట్టిన ఎకో తీయకుండానే మిమిక్రీ అతనికి మైకు ఇస్తారు. రమణారెడ్డి మాట గబగబా పోతుంది. ఎకో ఉంటే ఒక మాట తోక ఇంకో మాట నెత్తిన పడి ఒక్క ముక్కా అర్థం కాదు. దాన్ని పూర్తిగా తీసెయ్యాలి. ఎస్వీఆర్‌కు మైకు పెదాలకు రెండు వేళ్ళ దూరంలో ఉండాలి, అంత దగ్గరైతేనే బేస్ పెరుగుతుంది. రమణారెడ్డికి జానెడు దూరం, కాస్త పక్కకు. స్తంభాలకు హారన్ స్పీకర్లు మాత్రమే కట్టిన చోట ఎస్వీఆర్ జోలికి పోవద్దు. హారన్లో గొంతు అడుగుభాగం రాదు, ఎవరు చేసినా రేకుడబ్బా మోతే. అక్కడ ముక్కు గొంతులే నిలబడతాయి.

కావలి కుర్రోడు:
ఒప్పుకోను. గొంతు గుర్తుపట్టడంలోనే సగం నవ్వుంది, మనిషే తెలీకపోతే ఎకో తీసి ఏం లాభం? పైగా ఇప్పుడు మిమిక్రీ చేసేవాళ్ళు చాలామంది ఎస్వీఆర్‌ను సినిమాలో విని పట్టుకోవడం లేదు, ఇంకో మిమిక్రీ ఆర్టిస్టును విని పట్టుకుంటున్నారు. ఆయన నిదానంగా, మాట నమిలినట్టు పలికిన చోట వీళ్ళు అరుస్తారు. నకలుకు నకలు అది.

నాటకాల పిచ్చి:
నకలు సంగతి నిజమే. కానీ గుర్తుపట్టడమే సగమైతే ఆవిరి రైలుకు చప్పట్లెందుకు పడుతున్నాయి? మామూలు బ్రాడ్‌గేజ్ రైళ్ళకు ఆవిరి ఇంజన్ 1995తోనే ముగిసింది. ఆ ఐటమ్ కట్టుబడి చూడండి. మైకు చుట్టూ అరచేతులు దొప్ప పట్టి, గొంతు కలపకుండా ఉత్త గాలితో 'ఛక ఛక'. నాలుగు దెబ్బల్లో మొదటిదాని మీద ఒత్తు. వేగం పెంచే కొద్దీ దొప్ప తెరుస్తూ పోతే రైలు మనమీదికే వస్తున్నట్టుంటుంది. పెన్నా వంతెన ఎక్కగానే నాలుకతో అంగిటి మీద టకటకలు. చాలామంది మొదట్లోనే వేగం అందుకుని, కూత దగ్గరికొచ్చేసరికి ఊపిరి చాలక తేలిపోతారు. కూతకు ముందు ఒక దెబ్బ వదిలి ఊపిరి తీసుకోవాలి. ఇంజన్ చూడని పిల్లకాయకు కూడా ఏదో దూసుకొస్తోందని తెలుస్తుంది. ఓరుగల్లు మిమిక్రీ కళాకారుడు నేరెళ్ళ వేణుమాధవ్ గారు హాలీవుడ్ సినిమాల సౌండ్‌ట్రాకులు గొంతుతో పలికిస్తే, ఆ సినిమాలు చూడనివాళ్ళూ కదలకుండా విన్నారు.

పాతబడింది గొంతుల మధ్య నడిచే మాటలు. నత్తివాడి మీద, నల్లటి పెళ్ళికూతురి మీద, ఒక కులం మీద జోకులు. చింతామణి నాటక ప్రదర్శనను 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది, అందులో వైశ్యుడైన సుబ్బిశెట్టి పాత్ర మీద వచ్చిన అభ్యంతరాలతోనే. నాటకంలో లేని మోటు మాటలు నటులు స్టేజీ మీద కలుపుకుంటూ పోయారన్నది దాని మీద పాత ఫిర్యాదు. నిషేధం నాకు బాధే. అయినా ఆ కలుపు మాటల్ని నేను వెనకేసుకురాను.

పెన్నాగట్టు:
సరే అన్నా, రైలు ఉంచుకుందాం. రమణారెడ్డి సంగతి? మన నెల్లూరు జిల్లా మనిషే, కాదనను.

నాటకాల పిచ్చి:
పేరు ముందు చెప్పొద్దు. ఆధార్ సెంటర్లో వేలిముద్ర పడని బక్కపల్చటి పెద్దాయనకు ఆ గొంతు పెట్టు. మూడుసార్లు వేలు పెట్టి, మూడుసార్లూ ఆ సన్నటి నవ్వు ఇంకొంచెం పైకి. నవ్వు అయ్యాక పేరు చెప్పు.

కావలి కుర్రోడు:
అప్పుడు నవ్వించింది వేలిముద్ర గానీ రమణారెడ్డి కాదు గదన్నా. ఇదే సీను మీ మామూలు గొంతుతో చేసి చూపించండి, తేడా ఉంటే ఒప్పుకుంటా.

ఒంగోలు మైక్‌సెట్:
తేడా ఉంటుంది. మామూలు గొంతు మూడోసారికి పైకి పోలేక పగులుతుంది. ఆ నవ్వు మొదలే సన్నటి కీచుగొంతులో ఉంటుంది, అందుకే ఇంకో రెండు మెట్లు ఎక్కినా తునగదు.