ఫోర్డ్ ఎఫ్-150 మైలేజ్: డ్యాష్‌బోర్డ్ 18.6 అంటోంది, చేత్తో లెక్కేస్తే 17 దగ్గరే ఆగిపోతోంది. మీ పికప్పులు నిజంగా ఎంతిస్తున్నాయి?

ఫ్రిస్కో గోదారోడు
అందరికీ నమస్కారం. బండి 2021 ఎఫ్-150, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ (టర్బో పెట్రోల్) ఇంజిన్, ఫోర్ బై ఫోర్, 36 గ్యాలన్ల ట్యాంకు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఎనిమిది నెలలైంది. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) మైలేజ్ స్టిక్కర్ ప్రకారం గ్యాలన్‌కి సిటీలో 18 మైళ్ళు, హైవేలో 23, రెండూ కలిపి 20. మొన్న తెనాలి నుంచి మావయ్యగారు వచ్చారు. ఎయిర్‌పోర్ట్‌లో బండెక్కి బెల్టు పెట్టుకోకముందే "ఎంతిస్తుంది బాబూ?" అన్నారు. డ్యాష్ చూసి 18.6 అన్నాను. పాపం లీటరుకి అనుకుని తెగ సంబరపడ్డారు. కాదండీ, ఇది మైళ్ళూ గ్యాలన్ల లెక్క, మన లెక్కలో లీటరుకి 8 కూడా రాదు అని చెప్పేసరికి "లారీ కొన్నావా?" అని ఇల్లొచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రోషంతో మూడు ట్యాంకుల రసీదులు దాచి చేత్తో లెక్కేశాను. 402 మైళ్ళకి 24.1 గ్యాలన్లు, 391కి 21.3, 408కి 24.9. అంటే 16.7, 18.4, 16.4. రోజూ తిరిగే దారి ఒకటే, నడిపేది నేనొక్కడినే. మరి ఒక ట్యాంకు 18 దాటి పక్క ట్యాంకు 16 ఏంటి? డ్యాష్ మాత్రం మూడుసార్లూ 18.6 పక్కనే తిరిగింది. నాలుగు నెలల కిందట టైర్లు మార్చాను, 275/65ఆర్18 తీసేసి 275/70ఆర్18 వేయించాను. అదేమైనా కారణమా?

హెమీ రాజు
టైర్లే బాస్. ఇంకేం చూడక్కర్లేదు. పెద్ద టైరు వేస్తే ఓడోమీటర్ తక్కువ చూపిస్తుంది, అందుకే నీ లెక్క తక్కువొచ్చింది. నాది రామ్ 1500, 5.7 హెమీ, 33 గ్యాలన్ల ట్యాంకు. ఆస్టిన్‌లో ఊళ్ళో తిరిగితే 14, హైవే మీద 70లో పోతే 19 దాకా వస్తుంది. కానీ ఆస్టిన్ నుంచి సెగీన్ వైపు 130 టోల్ రోడ్డుంది కదా, స్పీడ్ లిమిట్ 85, దాని మీద లిమిట్‌లోనే వెళ్ళినా 14 చూపిస్తుంది. ఊళ్ళో సిగ్నళ్ళ దగ్గర ఎంత తాగుతుందో అక్కడా అంతే తాగుతుంది దొంగమొహంది.

లెక్కల మాస్టారు
రాజు గారూ, సగమే కరెక్ట్. టైరు వల్ల మైళ్ళు తక్కువ పడతాయి, నిజమే. పాత టైరు వ్యాసం 32.07 అంగుళాలు, కొత్తది 33.16. అంటే ఓడోమీటర్ 100 అన్నప్పుడు బండి 103.4 మైళ్ళు నడిచినట్టు. కానీ ఒక్కటి ఆలోచించండి, డ్యాష్ వాడేదీ ఆ మైళ్ళే, ఈయన చేత్తో వాడిందీ ఆ మైళ్ళే. తప్పు రెండింటిలోనూ సమానంగా ఉన్నప్పుడు 18.6కీ 17కీ మధ్య తేడా టైరు వల్ల ఎలా వస్తుంది?

తేడా గ్యాస్ (పెట్రోల్) వైపు ఉంది. డ్యాష్‌కి మీరు పంపు దగ్గర ఎంత కొట్టించారో తెలీదు. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి, ఇంత వెళ్ళుంటుందిలే అని అంచనా కడుతుంది. ఆ అంచనా చాలా బళ్ళలో కొంచెం పిసినారిగానే ఉంటుంది, అందుకే ఎంపీజీ (గ్యాలన్‌కి మైళ్ళు) ఎక్కువ కనిపిస్తుంది.

ఇక ట్యాంకు ట్యాంకుకీ తేడా ఎందుకంటే, 18.4 వచ్చిన ట్యాంకు దగ్గర పంపు ముందే కట్ అయ్యుంటుంది. ఒక గ్యాలన్ తక్కువ పడిందనుకోండి, ఆ ట్యాంకు లెక్క ఆకాశానికి, తర్వాతి ట్యాంకులో ఆ గ్యాలన్ కూడా పడుతుంది కాబట్టి అది పాతాళానికి. మీ మూడో ట్యాంకు చూడండి, సరిగ్గా అదే జరిగింది. కాబట్టి విడివిడిగా చూడకండి. మొత్తం మైళ్ళు 1,201, మొత్తం గ్యాలన్లు 70.3, భాగిస్తే 17.1. మధ్యలో ఎన్నిసార్లు ఎక్కువ తక్కువలు పడినా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొదటిసారి నింపింది, చివరిసారి నింపింది ఒకే మట్టానికి ఉంటే చాలు.

ఎంపీజీలు మూడూ కూడి మూడుతో భాగించే అలవాటు కూడా మానండి. మీ అంకెల్లో పెద్దగా తేడా రాలేదు కానీ, మధ్యలో ఎప్పుడైనా 60 మైళ్ళకే టాప్ అప్ చేస్తే ఆ 60 మైళ్ళకీ 400 మైళ్ళకీ ఒకే విలువ ఇచ్చినట్టవుతుంది.

తడ కుర్రోడు
అన్నా, నేను ఇండియా నుంచి. మీవంత పెద్ద బండి కాదు, ఇసుజు వీ-క్రాస్ డీజిల్, ఆటోమేటిక్. మా పక్కనే శ్రీసిటీలో తయారైందే. మా దగ్గర ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ అంటే బంకులో ఇద్దరం బండి వెనకాల ఎక్కి ఊపుతాం. గాలి బుడగలన్నీ పైకొచ్చి ఇంకో రెండు లీటర్లు పడుతుంది. బంకు అబ్బాయి తిడతాడనుకో. నెల్లూరు హైవేలో లీటరుకి 13, తిరుపతి ఊళ్ళో 10. మీరు పంపు దగ్గర ఊపుతారా?

హెమీ రాజు
ఇక్కడ రెండున్నర టన్నుల బండి ఎక్కి ఊపితే ఎవడో వీడియో తీస్తాడు తమ్ముడూ 😀

డీజిల్ బాబాయ్
ఊపక్కర్లేదు గానీ అబ్బాయ్ అన్నదాంట్లో విషయం ఉంది. డీజిల్ నురగ కడుతుంది. పంపు ఫుల్ స్పీడులో వదిలితే నురగకే క్లిక్‌మని ఆగిపోతుంది, ట్యాంకులో ఇంకా చోటుంటుంది. నేను నాజిల్ మొదటి గాడిలో పెట్టి నిదానంగా కొట్టిస్తా, ఆగాక రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ఒకసారి. గ్యాస్ బళ్ళవాళ్ళు మాత్రం ఆ పని చేయొద్దు. మొదటి క్లిక్ దగ్గరే ఆపేయండి. అదేపనిగా కుక్కితే గ్యాస్ పోయి చార్‌కోల్ క్యానిస్టర్‌లో (గ్యాస్ ఆవిరిని పట్టే డబ్బాలో) చేరుతుంది, అది పాడైతే మైలేజ్ లెక్కలో మిగిల్చింది మెకానిక్‌కి ఇచ్చుకోవాలి.

నాది ఎఫ్-250, 6.7 డీజిల్, హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. మీకు పోల్చుకోడానికి స్టిక్కర్ అయినా ఉంది, నాకు అదీ లేదు. బండి బరువు రేటింగ్ 8,500 పౌండ్లు దాటిన పికప్‌కి ఈపీఏ మైలేజ్ అంకె వేయరు. కొనేటప్పుడు సేల్స్ అబ్బాయిని అడిగితే "బాగానే ఇస్తుంది సార్" అన్నాడు. అంతే నా స్టిక్కర్. అందుకని మొదటి రోజు నుంచి నోట్‌బుక్ పెట్టా. ఖాళీగా హైవే మీద 17, 18. బ్రెన్హమ్ దగ్గర పొలానికి ట్రెయిలర్ మీద ట్రాక్టర్ పెట్టుకుపోతే 10. రీజెన్ (పొగ ఫిల్టర్‌లో మసిని బండే కాల్చుకోవడం) వచ్చిన రోజు దానికీ దిక్కులేదు.

డెన్వర్ అక్క
నాది 2022 టొయోటా టండ్రా. కొండల్లో ఉండేవాళ్ళకి ఇంకో గొడవ. డెన్వర్ నుంచి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాకా ఎక్కితే ఊరు 5,280 అడుగులు, టన్నెల్ 11 వేల పైన. పైకెళ్ళేటప్పుడు డ్యాష్‌లో 12, దిగేటప్పుడు 27. మా ఆయన దిగేటప్పటి ఫోటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టారు, టండ్రా 27 ఇస్తోందని! ఎక్కిన చోటికి తిరిగొస్తేనే లెక్క. ఆ రోజు రానూ పోనూ కలిపి 16.6.

ఇంకోటి, చలికాలం. జనవరిలో ఇంట్లోంచే రిమోట్ స్టార్ట్ కొట్టి పది నిమిషాలు వేడెక్కనిస్తాం. ఆ పది నిమిషాలూ నడిచింది సున్నా మైళ్ళు. జూన్‌లో 18.5 ఇచ్చిన బండి జనవరిలో 15కి పడింది. మొదట్లో బండి పాడైందని టెన్షన్ పడి డీలర్ దగ్గరికి తీసుకెళ్ళా, వాళ్ళు చూసి ఏమీ లేదన్నారు, 180 డాలర్లు మాత్రం తీసుకున్నారు.

హెమీ రాజు
ఎథనాల్ సంగతి ఎవరూ ఎత్తలేదే. ఫ్రెడెరిక్స్‌బర్గ్ వెళ్ళినప్పుడు ఎథనాల్ లేని గ్యాస్ కొట్టిస్తే నాకు 2 ఎంపీజీ ఎక్కువొచ్చింది.

లెక్కల మాస్టారు
పదిశాతం ఎథనాల్ కలిపిన గ్యాస్‌లో శక్తి, మామూలు గ్యాస్ కన్నా సుమారు 3 శాతమే తక్కువ. 17 ఇచ్చే బండికి దాని వల్ల అర ఎంపీజీ రావచ్చు. మిగతా ఒకటిన్నర ఆ రోజు గాలి వీపు వెనక నుంచి కొట్టుంటుంది. పికప్ ముందు భాగం గోడలాంటిది, ఎదురుగాలి 15 మైళ్ళుంటే మీరు 70లో వెళ్తున్నా అది 85లో తోసుకుపోతున్నట్టే. గాలి తోపు స్పీడు వర్గంతో పెరుగుతుంది. మీ టోల్ రోడ్డు 14కి కారణం కూడా అదే.

స్టిక్కర్‌తో పోల్చేవాళ్ళకి ఒక మాట. ఈపీఏ హైవే పరీక్ష రోలర్ల మీద జరుగుతుంది, సగటు వేగం 48, పై వేగం 60 మైళ్ళు. 2008 మోడళ్ళ నుంచి ఎక్కువ స్పీడు, ఏసీ, చలి పరీక్షలు కూడా కలిపి లెక్కిస్తున్నారు కాబట్టి పూర్వం కన్నా నయం. అయినా టెక్సాస్‌లో 80లో పోతూ స్టిక్కర్ రాలేదంటే ఎలా?

గోదారోడు గారూ, మీరు ఒక పని చేయండి. ఒకే గ్యాస్ స్టేషన్, ఒకే పంపు, బండి ఒకే వైపు తిప్పి పెట్టండి. వాలు మారితే ట్యాంకులో గాలి ఇరుక్కునే చోటు మారుతుంది. మొదటి క్లిక్‌కి ఆపండి. ఐదు ట్యాంకులు అలా చేసి మొత్తాన్ని భాగించండి. ఓడోమీటర్ సంగతి ఇంటర్‌స్టేట్ మీద మైలు బోర్డులతో సరిచూసుకోండి, 20 బోర్డులు చాలు.

ఫ్రిస్కో గోదారోడు
చేస్తాను మాస్టారూ. ఆరేడు వారాలు పడుతుంది. మావయ్యగారు ఉన్నారు కాబట్టి రసీదుల డ్యూటీ ఆయనకిచ్చేస్తా.

డీజిల్ బాబాయ్
ఇంకోటి కూడా రాసుకో. డ్యాష్ మెనూలో ఇంజిన్ అవర్స్, ఐడిల్ అవర్స్ ఉంటాయి. మొదటి రోజు ఫోటో, చివరి రోజు ఫోటో.

ఫ్రిస్కో గోదారోడు
తిరిగొచ్చాను. ఐదు ట్యాంకులు అయ్యాయి.

ముందు ఓడోమీటర్. హ్యూస్టన్ వెళ్తూ ఐ-45 మీద 20 మైలు బోర్డులు లెక్కపెట్టాం, ట్రిప్ మీటర్ 19.3 దగ్గరుంది. మాస్టారి 3.4 శాతం సరిపోయింది. నేను నడుపుతుంటే మావయ్యగారు అద్దానికి ముక్కు ఆనించి ఒక్కో బోర్డుకీ "పన్నెండూ... పదమూడూ..." అని తిరుమల మెట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టారు. మధ్యలో ఒక బోర్డు కనిపించలేదు, ఎవరో గుద్దేసి ఉంటారు, ఆయన కంగారు చూడాలి.

మొత్తం ఓడోమీటర్ మైళ్ళు 1,918. గ్యాస్ 109.6 గ్యాలన్లు. ఉన్నదున్నట్టు భాగిస్తే 17.5. టైరు సవరణ వేస్తే అసలు మైళ్ళు 1,983, అంటే 18.1. డ్యాష్ 18.8 అంది, అంటే అవే ఓడోమీటర్ మైళ్ళ మీద 7 శాతం ఎక్కువ. ఇక నుంచి డ్యాష్ అంకెలో 7 శాతం కోసేసి చూసుకుంటా. ఒకే పంపు దగ్గర నింపాక ట్యాంకు ట్యాంకుకీ తేడా ఒక ఎంపీజీ కూడా దాటలేదు, ఇది మాత్రం నాకు నిజంగా ఆశ్చర్యం.

అసలు కథ బాబాయ్ గారు చెప్పిన మెనూలో ఉంది. ఈ ఐదు ట్యాంకుల్లో ఇంజిన్ 71 గంటలు తిరిగితే అందులో 19 గంటలు ఊరికే నిలబడి తిరిగింది! పంతొమ్మిది గంటలు ఎక్కడ నిలబడ్డానా అని ఆలోచిస్తే, మధ్యాహ్నం బాబు స్కూల్ పికప్ లైన్ అరగంట, శనివారం పాప కూచిపూడి క్లాసు బయట గంటన్నర, ఏసీ వేసుకుని ఫోన్ చూస్తూ. ఆటో స్టార్ట్-స్టాప్ (బండి ఆగితే ఇంజిన్‌ని తనే ఆపేది) ఉంది గానీ ఎక్కగానే బటన్ నొక్కి ఆపేయడం అలవాటైపోయింది.

లెక్కల మాస్టారు
అంత ఇంజిన్ ఏసీతో నిలబడితే గంటకి అర గ్యాలన్ అనుకుందాం. 19 గంటలకి తొమ్మిదిన్నర గ్యాలన్లు. అది తీసేస్తే మీ బండి 1,983 మైళ్ళు నడవడానికి తాగింది 100 గ్యాలన్లు, అంటే 19.8. ఈ అర గ్యాలన్ అంచనా మాత్రమే సుమా, 19.8 పట్టుకుని స్టిక్కర్ వచ్చేసిందని ఎవరితోనూ పందెం కాయకండి.

తడ కుర్రోడు
మరి లైన్లో బండి ఆపేయొచ్చు కదన్నా?

ఫ్రిస్కో గోదారోడు
నిన్నే ప్రయత్నించా తమ్ముడూ. మధ్యాహ్నం మూడింటికి, బయట 104 డిగ్రీల ఫారెన్‌హీట్. ఇంజిన్ ఆపి, అద్దాలు దించి కూర్చున్నాను. నాలుగు నిమిషాలకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పక్క సీట్లో మావయ్యగారు నోట్‌బుక్కుతో విసురుకుంటూ "ఏసీ వెయ్యి బాబూ, ఎంత తాగితే అంత తాగుతుంది" అన్నారు.