శిలాజ ఎముకలు రెండు వేర్వేరు జాతులవని ఎలా తేలుస్తారు?

ప్రశ్న: బతికున్న జంతువులు జతకడతాయో లేదో చూడొచ్చు, డీఎన్‌ఏ తీయొచ్చు. కోట్ల ఏళ్ల నాటి ఎముకలకు ఆ రెండు దారులూ లేవు. మరి కొత్త జాతి అని దేన్ని బట్టి అంటారు?

జవాబు 1: ఆకారాన్ని బట్టే. కానీ ముందు, దగ్గరి బంధువుల్లో ఒకే జాతి లోపల ఎంత తేడా ఉంటుందో కొలవాలి. క్షీరదాలకైతే చర్వణకాలు (నమిలే దవడ పళ్లు) మేలు. చాలా క్షీరదాల్లో అవి మొలిచాక పెరగవు కాబట్టి వయసు చిక్కు తక్కువ. పళ్ల పొడవుల ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) సగటులో 10 శాతం బాగా దాటితే రెండు జాతులు కలిసిపోయాయేమో చూడాలి. అరిగేకొద్దీ పన్ను పొడవు తగ్గుతుంది, అందుకే ఒకే స్థాయిలో అరిగినవాటినే పోల్చండి. నాలుగైదు నమూనాలతో ఈ లెక్క అసలు నమ్మకండి.

జవాబు 2: డైనోసార్లలో వయసే పెద్ద చిక్కు. వేరే డైనోసార్లుగా పేరు పెట్టిన డ్రాకోరెక్స్, స్టిజిమోలోక్ అనేవి పాకిసెఫలోసారస్ అనే డైనోసార్ ఎదగని దశలేనని 2009లో శిలాజ శాస్త్రవేత్తలు హార్నర్, గుడ్‌విన్ వాదించారు. కాలి ఎముకను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడండి: వెలుపలి అంచున పెరుగుదల గీతలు దగ్గరదగ్గరగా ఉంటే ఎదిగిన జంతువు. ఈ పరీక్ష లేకుండా చిన్న ఎముకకు కొత్త పేరు పెట్టడం తొందరపాటే.

జవాబు 3: ఆకారం తేడా అంతా జాతి తేడా కాదు. మట్టి పొరల బరువుకు పుర్రె వంకరపోతుంది, కుడి ఎడమలు పోల్చితే తెలుస్తుంది. ఆడ మగ తేడా కూడా ఉంది. అమ్మోనైట్లలో (అంతరించిన, చుట్ల గుల్ల ఉన్న సముద్ర జీవులు) పెద్ద, చిన్న గుల్లలను ఒకప్పుడు వేరే జాతులన్నారు. ఒకే పొరలో దొరికి, లోపలి తొలి చుట్లు ఒకేలా ఉంటే ఒకే జాతి ఆడ మగ జంటగానే లెక్కిస్తారు.