సిమెంటు తగ్గించి బూడిద కలిపితే గోడ నిలుస్తుందా?

కొత్తమేస్త్రి: ఉప్పుగాలి తగిలే చోట కాంక్రీటు గోడ కట్టాలి. ఇనుము తుప్పు పట్టకుండా సిమెంటు కొంత తగ్గించి అగ్నిపర్వతపు బూడిదో, కాల్చిన బంకమట్టి పొడో కలపమంటున్నారు. బలం తగ్గదా అండీ? అదే టెన్షన్.

ఇసుకతక్కెడ: తగ్గదు, కాకపోతే బూడిదతో ఆలస్యంగా వస్తుంది. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు బలాన్నిచ్చే జిగురుతో పాటు సున్నం కూడా పుడుతుంది, దానివల్ల బలమేమీ రాదు, పైగా నీటికి మెల్లగా కరిగిపోయి సందులు మిగులుస్తుంది. ఈ పొడిలోని సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని మళ్లీ జిగురుగా మారుస్తుంది, సందులు పూడతాయి, ఉప్పు లోపలికి దిగడం కష్టమవుతుంది. రోమన్లు దాదాపు 2000 ఏళ్ల కిందటే సున్నంలో ఇలాంటి బూడిద కలిపి రేవులు కట్టారు (వాళ్ల కాంక్రీటులో ఇనుము లేదు లెండి, పోలిక పూర్తిగా కుదరదు).

తాపీపని: ఏ మట్టి పడితే అది పనికిరాదు. కయోలిన్ (తెల్లటి బంకమట్టి ఖనిజం) ఉన్న మట్టిని 700–800 డిగ్రీల దగ్గర కాల్చి మెత్తగా నూరాలి, మరీ ఎక్కువ కాల్చినా చెడుతుంది. మామూలుగా సిమెంటు బదులు బూడిదైతే 15–30 శాతం, మెటాకయోలిన్ (అలా కాల్చి నూరిన కయోలిన్ పొడి) అయితే 10 శాతం చుట్టూ. మిశ్రమం బిగుసుకుంటోందని నీళ్లు పోసేయకండి, ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే మిశ్రమాన్ని జారుగా చేసే రసాయనం) వాడండి.

కొత్తమేస్త్రి: క్యూరింగ్ 7 రోజులు చాలా?

తాపీపని: బూడిద కలిపితే చాలదు. కనీసం 14 రోజులు తడపండి, ముందు చిన్న దిమ్మలు పోసి పరీక్ష చేయించండి.