మా ఆటలో దొర రెండో రౌండుకే చనిపోయాడు, ప్రతినాయకుణ్ణి ఎలా మలచాలి?

మలక్‌పేట పాచికలు:
మూడేళ్లుగా ఆదివారాలు మధ్యాహ్నం మా మేడమీది గదిలో నలుగురు మిత్రులతో పాచికలు వేస్తూ కథ నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడిస్తున్నాను. కథ నడిపేది నేను, ఒక్కో వీరుడి పాత్ర ఆడేది వాళ్లు. ఈసారి రేవుకోట దొరను ప్రతినాయకుడిగా పెట్టాను. మొదటి సన్నివేశంలోనే ఒక రైతును కొరడాతో కొట్టించాడు. ఆటగాళ్లు కత్తులు దూశారు. రెండో రౌండుకే దొర నేలకూలాడు. ఆరు వారాలు కూర్చుని రాసుకున్న కథ అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు అతని తమ్ముణ్ణి తెస్తున్నాను. ఇతణ్ణి చూస్తే వాళ్లకు ఒళ్లు మండాలి, అయినా కత్తి తీయడానికి చేయి రాకూడదు. హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలు తట్టుకోగలడో చెప్పే అంకె, పెంచడం తప్ప దారి లేదా?

పాత పాచిక:
పెంచకండి. ఈ ఆటలో ఎదురయ్యే జీవుల, శత్రువుల వివరాలుండే 2014 నాటి పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్‌లో నోబుల్‌కు, అంటే దొరలాంటి పాత్రకు, ఉన్నవి 9 హిట్ పాయింట్లే. దొర బలం ఒంట్లో ఉండదు. ఊరి ధాన్యం అతని కొట్టులో ఉంటుంది, తగవు తీర్చేదీ అతనే. అతను చనిపోతే మర్నాడు ఎవరి పొయ్యి వెలగదో ముందుగా రాసుకోండి.

నల్లగొండ మనవరాలు:
మా అమ్మమ్మ చిన్నప్పుడు గడి, అంటే దొర బంగళా, ముందు నుంచి వెళ్లేవాళ్లు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారట. దొర ఇంట్లో ఉన్నాడో లేడో ఎవరూ చూసేవారు కాదు. ఈ మాట చెప్పిన ప్రతిసారీ అమ్మమ్మ గొంతు తగ్గిపోయేది. మీ కథలో దొర తమ్ముణ్ణి అప్పుడే చూపించకండి. ఖాళీ వరండా ముందు ఒక ముసలమ్మ వంగి చెప్పులు విప్పడం చూపించండి చాలు.

తరువాత అతనే వీరులను విందుకు పిలవాలి. మెత్తగా మాట్లాడాలి, వాళ్ల తల్లుల ఆరోగ్యం అడగాలి. కుమ్మరి కుండలు, వడ్రంగి పీటలు అన్నీ వెట్టికే వచ్చి ఉంటాయి. వడ్డించిన అన్నం మాత్రం ఊరివాళ్లు విత్తనానికి దాచుకున్న వడ్లది. వీరులు కడుపునిండా తిన్నాక ఆ సంగతి తెలియాలి.

పాత పాచిక:
విందు గదికి హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్‌ను తలచుకోండి, అక్కడి భోజనాల బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. దానికి 1884లో పునాది వేయించినవాడు నిజాం కొలువులోని ప్రముఖుడు వికారుల్ ఉమ్రా. ఆయనకు ఆ ఖర్చు మోయలేనిదైంది, భవనం చివరికి ఆరో నిజాం చేతికి వెళ్లింది. మీ దొరకూ అలాంటి అప్పు ఒకటి పెట్టండి. పరువు పోతుందన్న భయంతో విత్తనపు వడ్లు లాక్కున్నాడంటే నమ్మబుద్ధి వేస్తుంది.

మలక్‌పేట పాచికలు:
చదువుతుంటేనే గుండె బరువెక్కిందండీ. విందు సన్నివేశం తప్పకుండా పెడతాను. విత్తనాల సంగతి ఎవరి నోట రావాలంటారు?

నల్లగొండ మనవరాలు:
గడిలో అంట్లు తోమే పిల్ల నోట. ఎవరినీ నిందించదు. వీరుల ఆకుల్లో మిగిలిన మెతుకులు కొంగున మూట కట్టుకుంటూ, "ఇవి నాటితే మొలుస్తాయా?" అని అడుగుతుంది.