ఎండని నీటి ఊట: 'ఎండని' ఎవరికి?

అచ్చుతప్పు: రెండు రోజులుగా రోమన్ కవి హోరస్ లాటిన్ పద్యపాదం ఒకటి నోట్లో నానుతోంది. "హోర్టుస్ ఉబి ఎట్ టెక్టో వికీనుస్ యూగిస్..." ఆ తర్వాత 'అక్వాయ్ ఫోన్స్' అనే కదా? ప్రాచీన రోమన్ పట్టణం పాంపేయి ఇళ్ళ తోటల్లోని ఫౌంటెన్ల మీద వ్యాసాన్ని దీంతో మొదలుపెట్టాను. "ఇంటి పక్కనే ఎండని నీటి ఊట" అన్నాను. యూగిస్ అంటే 'ఎండని'. అది నీటికా (అక్వాయ్), ఊటకా (ఫోన్స్)?

తుంగభద్ర: అక్వాయ్ ఫోన్సే. సెటైర్లు రెండో పుస్తకం, ఆరోది. యూగిస్ ఫోన్స్‌కే, ప్రథమా విభక్తి.

నీలిసిరా: షష్ఠి ఎందుకు కాకూడదు? పక్కనే అక్వాయ్ ఉంది. రెండు విభక్తుల్లోనూ రూపం ఒకటే, 'గి' రెండింట్లోనూ హ్రస్వమే. ఛందస్సు కూడా చేతులెత్తేస్తుంది.

పెన్నఒడ్డు: తేల్చడం ఎందుకండీ? తెలుగులోనూ 'ఎండని' ఎటైనా అతుకుతుంది, హాయిగా వదిలేయండి. 'ఊట' మాత్రం చప్పగా ఉంది. మా వైపు బుగ్గ అంటాం. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడికి ఆ పేరు ఊరికే రాలేదు.

తుంగభద్ర: కోస్తావాళ్ళు చెంప తడుముకుంటారు :)

నీలిసిరా: అసలు ఆ పాదమే అక్కడ అతకదు. హోరస్‌ది సబైన్ కొండల్లో పల్లె. పాంపేయివాళ్ళది కుళాయి నీరు! వెసూవియస్ ద్వారం దగ్గరి ట్యాంకు నుంచి సీసపు గొట్టాల్లో వచ్చేది. దాన్నే గుహలో ఊరినట్టు చూపించుకున్నారు. అక్కడి 'ఫొంటానా గ్రాందె' (పెద్ద ఫౌంటెన్) ఇల్లు చూడండి: గూడు నిండా రంగు గాజుముక్కల మొజాయిక్, అంచుల్లో గవ్వలు, అటూ ఇటూ నోరు తెరిచిన పాలరాతి నాటకం మాస్కులు.

అచ్చుతప్పు: గవ్వలు కాదు, చిప్పలు.

పెన్నఒడ్డు: గూడా, గుడా? అలాంటి గూటిని 'ఎడిక్యులా' అంటారు, అంటే చిట్టి గుడి. ఇంటి దేవతలు లారెస్‌కి కట్టేదీ అదే. పాంపేయిలోనే వెట్టీల ఇంట్లో వంటగది దగ్గర ఉంది కదా, ఇద్దరు లారెస్, కింద పెద్ద పాము. మన గోడల్లో దీపం గూడు లేదూ? గుడి, గూడు ఒక్క మాటేనని నా అనుమానం.

నీలిసిరా: దీర్ఘం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పి అనుమానపడండి.

తుంగభద్ర: ఇవన్నీ వదిలేసి బందూసియా ఊట మీద హోరస్ రాసిన ఓడ్ (స్తుతి గీతం) చదువుకోండి. "గాజు కన్నా మెరిసేదానా" అని పిలిచి, పూలకూ వైనుకూ తగినదానివంటూ రేపు మేకపిల్లను ఇస్తానంటాడు. అప్పుడే కొమ్ములు మొలుస్తున్న పిల్ల! దాని ఎర్రటి నెత్తురు ఆ చల్లటి నీళ్ళలో కలుస్తుందట. అంత ముద్దుగా మొదలుపెట్టి ఎక్కడికి తీసుకెళ్ళాడో చూడండి.

అచ్చుతప్పు: మరి యూగిస్?

పెన్నఒడ్డు: బుగ్గ పెట్టండి.

అచ్చుతప్పు: పెట్టి పంపాను. ఎడిటర్ ఫోన్ చేశారు, "చెంప ఎండకపోవడం ఏమిటండీ" అని.