రిచ్‌మండ్‌లో జేమ్స్ నది పైపుబాట: నాన్నగారిని తీసుకువెళ్లవచ్చా?

ప్రశ్న (రిచ్‌మండ్ పక్కనున్న గ్లెన్ అలెన్ నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు రాజమహేంద్రవరం నుంచి మార్చి మొదట్లో మా ఇంటికి వస్తున్నారు. నాన్నగారికి 68 ఏళ్లు. రోజూ తెల్లవారుజామున గోదావరి గట్టున నడిచే అలవాటు ఉంది కాబట్టి, వచ్చిన మర్నాడే నది ఎక్కడని అడుగుతారని నాకు తెలుసు. అమెరికాలోని వర్జీనియాలో రిచ్‌మండ్ నగరం నడిబొడ్డున, జేమ్స్ నది అంచునే, పాత మురుగునీటి పైపు మీద వేసిన ఇనుప నడవా ఉందని, దాని మీద నడుస్తూ కొంగల గూళ్లు చూడవచ్చని ఆఫీసులో విన్నాను. ఆయనతోపాటు తొమ్మిదేళ్ల మా అబ్బాయిని కూడా తీసుకువెళ్లాలని ఉంది. ఆయన ఎడమ మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతుంది. ఆ దారి వారికి తగినదేనా? వెళ్లివచ్చినవారు దయచేసి వివరంగా చెప్పండి.

మొదటి జవాబు

మీ ప్రశ్న చూసి సంతోషం కలిగింది. ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి నేను ఎక్కువసార్లు నడిచిన దారి ఇదే. నిడివి అరమైలుకు లోపే, కానీ మధ్యమధ్య ఆగకుండా ఎవరూ నడవలేరు. తలపైన 1901 నాటి రైలు వంతెన ఉక్కు స్తంభాల మీద నది ఒడ్డు వెంబడే సాగుతుంది. దాని నీడలో పైపు, పైపు మీద జల్లెడలాంటి ఇనుప పలకలు, పక్కనే రాళ్ల మీద విరుచుకుపడే నీరు. పైన గూడ్సు బండి వెళ్లేటప్పుడు చేతికింద రెయిలింగు సన్నగా వణుకుతుంది. అదే సమయంలో పాదాల కింది పలకల సందుల్లోంచి నురుగు కనిపిస్తుంది. హేవలాక్ వంతెన చూస్తూ పెరిగిన మీ నాన్నగారికి ఆ ఉక్కు స్తంభాలు తప్పక నచ్చుతాయి.

ఇక్కడి నది గోదావరిలా నిండుగా, నిదానంగా ఉండదు. గట్టి గ్రానైటు నేల ముగిసి తీరపు మెత్తని నేల మొదలయ్యేది ఈ ఊళ్లోనే కాబట్టి, జేమ్స్ నది ఏడు మైళ్ల దూరంలో సుమారు 105 అడుగులు దిగుతుంది. ఆ దిగుడు ముగిశాక సముద్రపు పోటుపాట్లు మొదలవుతాయి. పైపు పక్కన మీరు వినే హోరు ఆ దిగుడులో చివరి భాగానిదే. కొంగల విషయానికి వస్తే, అవి మన నారాయణ పక్షిని పోలిన గ్రేట్ బ్లూ హెరాన్‌లు. చెట్లు ఆకులు వేయకముందే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పుల్లలు ముక్కున పెట్టుకుని వచ్చి ఎత్తయిన సైకమోర్ కొమ్మల మీద గూళ్లు కడతాయి. గూళ్ల సంఖ్య అన్ని ఏళ్లూ ఒకలా ఉండదు. దూరదర్శిని మాత్రం వెంట ఉంచుకోండి.

ఇక మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను: నాన్నగారిని ఆ పైపు మీదకు తీసుకువెళ్లకండి. నది ఒడ్డునే ఉన్న బ్రౌన్స్ ఐలాండ్ అనే దీవి వైపు నుంచి వెళ్లేవారు నిటారుగా ఉన్న ఇనుప నిచ్చెన దిగాలి. కొంత దూరం రెయిలింగు ఉంటుంది, ఆ తరువాత అది కూడా లేని గుండ్రటి పైపు వీపు మీద నడవాలి. మోకాలి నొప్పి ఉన్నవారికి ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే కష్టం.

రెండవ జవాబు

పై సోదరుడు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. రెండేళ్ల క్రితం, వరద తీసిన నాలుగు రోజులకు, మా అమ్మాయితో వెళ్లాను. పైపు మీద పలచటి ఒండ్రు పొర మిగిలి ఉంది. ఎండకు పైపైన ఆరినట్టు కనిపించింది, అడుగు వేయగానే జారింది. మోచేయి చిట్లింది, అమ్మాయి చేయి వదలకుండా కూర్చుండిపోయాను కాబట్టి సరిపోయింది. పిల్లవాణ్ణి తీసుకువెళితే నీళ్లవైపు మీరు నడవండి, చెప్పులు కాకుండా పట్టు ఉన్న బూట్లు వేయండి.

బయలుదేరే ముందు, నదికి ఎగువన వెస్ట్‌హామ్ దగ్గర కొలిచే నీటిమట్టం చూడడం మరవకండి. అది 5 అడుగులు దాటితే నదిలో దిగేవారికి లైఫ్ జాకెట్ తప్పనిసరి, 9 అడుగులు దాటితే అనుమతి కావాలి. నేను మాత్రం 5 దాటితే పైపు దగ్గరకే వెళ్లను. ఇంకొక మాట: నగరంలోని పాత ప్రాంతాల్లో వాననీరు, మురుగునీరు ఒకే పైపులో పోతాయి, పెద్ద వాన పడితే పొంగి నదిలోకి వస్తాయి. అందుచేత వాన తరువాత రెండు మూడు రోజులు పిల్లలను ఆ నీటిలో చేతులు పెట్టనివ్వకూడదు. మరమ్మతుల కోసం దారి మూసే సందర్భాలు కూడా ఉంటాయి. మూసినట్టు బోర్డు ఉంటే పక్కనుంచి దూరే ప్రయత్నం చేయకండి.

మూడవ జవాబు

నాన్నగారి కోసం టి. టైలర్ పాటర్‌ఫీల్డ్ వంతెన ఉంది. పాత ఆనకట్ట స్తంభాల మీద కట్టి, 2016 డిసెంబరులో తెరిచారు. కాలినడకకు, సైకిళ్లకు మాత్రమే, మెట్లు లేవు. బ్రౌన్స్ ఐలాండ్ నుంచి మొదలై నది మధ్యగా అవతల ఉన్న మాంచెస్టర్ అనే పేట ఒడ్డుకు చేరుస్తుంది. 1865 ఏప్రిల్‌లో కాలిపోయిన రైలు వంతెన రాతి స్తంభాలు నదిలో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, అక్కడి నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. మా మామగారు ఒక స్తంభం మీద మొలిచిన చెట్టును చూస్తూ అరగంట నిలబడ్డారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నాన్నగారిని, అమ్మను పాటర్‌ఫీల్డ్ వంతెన మీదకు తీసుకువెళతాను. నీటిమట్టం తక్కువగా, నేల పొడిగా ఉన్న రోజు చూసుకుని అబ్బాయితో నేను రెయిలింగు ఉన్నంతవరకే వెళ్లి వెనక్కి వస్తాము. ఈ శనివారం ముందుగా ఒక్కడినే వెళ్లి ఆ నిచ్చెన చూసివస్తాను.